లోమడత

నాలుగు వందల పన్నెండు.
ఫోన్ తెర మీద రెండు వేళ్లు సాగదీసి చూశాను.
అంకె లావైంది గానీ పెరగలేదు.

రూవీలో జూన్ రాత్రి.
ఏసీ నీళ్లు బకెట్లో చుక్కచుక్కగా పడుతున్నాయి.
అమ్మ కుక్కర్ మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది.
కింద కరక్ చాయ్ కొట్టు ముందు కార్ల హారన్లు,
ఎవరి కప్పు ఎవరికి ఆలస్యమైందో.

ఎదురింటి జెస్నాకు ఆరు వందల నలభై.
వాళ్లమ్మ పాయసం గిన్నెతో గుమ్మంలోనే నిలబడింది,
ఇవ్వాలో వద్దో తెలియక.
తీసుకుని తిన్నాను. తియ్యగానే ఉంది.
అదే నాకు కోపం.

రాయచోటి నుంచి చిన్నమ్మ: "ఎన్నొచ్చినాయి మా?"
"నెట్టు సరిగా లేదు" అని నాయన ఫోను పెట్టేశాడు.
బేస్తవారం ఇస్తానంటే బేస్తవారమే ఇచ్చే దర్జీ,
నా కోసం ఆడిన మొదటి అబద్ధం అది.

మూడు వారాలు పుస్తకం ముట్టలేదు.
దుకాణంలో కూర్చుని
డిష్‌డాషాల మెడకు వేలాడే కుచ్చులకు దారం పేనాను.
గోడ పొడవునా తెల్లటి చొక్కాలు,
తలలు లేని ఇన్విజిలేటర్లు.
చేతులకు పని ఉంది, బుర్రకు లేదు.
అది ముప్పై ఏడో ప్రశ్న చుట్టూనే తిరిగేది:
పేపరు మీద సి అని టిక్కు పెట్టుకుని
ఓఎంఆర్ మీద బి గుండ్రాన్ని నల్లగా, నిండుగా,
ఎంత శ్రద్ధగా నింపానో!

ఓ సాయంత్రం నిజ్వా నుంచి ఒక ముసలాయన,
చంకలో నాయన కుట్టిన డిష్‌డాషా.
వేసుకుని చూపించాడు. చీలమండకు నాలుగు వేళ్లు పైన.
నాయన వాదించలేదు.
"కొలత నాదే తప్పు" అన్నాడు అరబీలో,
ఎండ ఎక్కువగా ఉంది అన్నంత తేలిగ్గా.
చాయ్ తెప్పించాడు.

ఆయన వెళ్లాక బ్లేడుతో అంచు విప్పాడు.
పుర్రుమని ఊడొచ్చింది దారం.
మడత లోపల ఇంకా నాలుగు వేళ్ల గుడ్డ,
ఎండ చూడనిది, కాస్త ఎక్కువ తెల్లనిది.
"ఇంత గుడ్డ ఎందుకు దాచినావు నాయనా?"
"దాచలేదు మా, వదిలినా.
మొదటిసారికే సరిపోతాదని ఏ దర్జీ నమ్మడు."
నా వైపు చూడలేదు.
సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.
మూడోసారికి ఎక్కింది.

ఆ మాటతో మారిపోయానని రాస్తే అబద్ధం.
ఆ రాత్రీ ఏడ్చాను.
తెల్లారి మాత్రం పాత ప్రశ్నపత్రం బల్ల మీద పరిచి
తప్పులన్నిటికీ నాయన సుద్దముక్కతో గీత పెట్టాను.
సుద్దయితే దులిపేస్తే పోతుంది.
తెలియనివి ఇరవై ఒకటి.
తెలిసీ తొందరపడినవి ముప్పై ఒకటి.
ఆ ముప్పై ఒకటిని చూసి చాలా రోజులకు నవ్వొచ్చింది,
నా పోలికే, అన్నీ.

జెస్నా విమానమెక్కే ముందు
ఫిజిక్స్ నోట్సు అట్టపెట్టె తలుపు దగ్గర వదిలి వెళ్లింది.
చీటీ లేదు. మూడు రోజులు దాన్ని దాటుకుంటూ నడిచాను.
నాలుగో రోజు తెరిచాను.
రంజాన్‌లో సహరీ తర్వాత నిద్రపోకుండా
ఆమె గుండ్రటి అక్షరాల్లో కాంతి వక్రీభవనం చదివాను.
కింద వీధి ఊడ్చే బండి శబ్దం.

మే నెల ఆదివారం, ఇక్కడ పనిరోజు.
నాయన కొట్టు మూశాడు.
పొట్టి చేతులే ఉండాలి, పెద్ద గుండీలు కూడదు;
పోయిన ఏడు కుట్టిందే వేసుకున్నాను.
భుజాల దగ్గర పట్టేస్తుంటే
రాత్రి పక్కలు విప్పి వదులు చేశాడు.
పాత కుట్టు గీత ఇస్త్రీకి పోలేదు,
చేత్తో తడిమితే తెలుస్తోంది.

తలగుడ్డ తనిఖీ కోసం గంట ముందే గేటు దగ్గర.
దార్‌సైత్ ఎండలో గోడ నీడ జానెడు,
అందులో తండ్రులందరూ అడ్డంగా తిరిగి నిలబడ్డారు.
మా నాయన మెడలో టేపు తీయడం మరిచాడు.
నేనూ చెప్పలేదు.

లోపల, ఫ్యాను కింద,
పెన్ను గుండ్రం దాకా వెళ్లి ఆగింది.
ఎడమ చేయి పక్క కుట్టు మీదికి పోయింది.
ముప్పై ఏడు.
మళ్లీ చదివాను.